ఏడో చింతగింజ

ఈ పాత బిస్కెట్ల రేకు డబ్బా మూత తీస్తే ముందు ఎండుమిరపకాయల ఘాటు ముక్కుకు తగులుతుంది, ఆ వెనకాలే ఎప్పటిదో కమిలిన చింతగింజ వాసన నెమ్మదిగా వస్తుంది. ఇందులో మిరపకాయలు లేక ఇరవై ఏళ్లు దాటింది, వాసన మాత్రం పోలేదు, పోవాలని నేను కడిగిందీ లేదు. భూపాలపల్లిలో నేనుండే అద్దె ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఈ డబ్బా బల్ల మీదికి వస్తుంది. వారమంతా దవాఖానలో రక్తపరీక్షలు చేసే నేను ఆదివారం కథ నడిపేదాన్నవుతాను. చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు, ఒకరు వేటగత్తె, ఒకరు దొంగ, ఒకరు మంత్రగాడు, ఇలా కథలో ఒక్కో మనిషిని తీసుకుంటారు, ఆ మనిషి ఏం చేస్తాడో నోటితో చెబుతారు, అనుకున్నది అయిందో కాలేదో డబ్బాలోని చింతగింజలు తేలుస్తాయి.

పోయిన నెల మా దవాఖానలో కొత్తగా చేరిన సాగర్ అనే అబ్బాయి ఆటకు వచ్చాడు. ఇరవై ముఖాల మెరిసే పాచికలు కొనుక్కొచ్చాడు, పాపం ముచ్చటపడే తెచ్చాడు. నా మంత్రాల నోటుబుక్కు తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగి నవ్వాడు. "అక్కా, పేర్లన్న జర మంచియి పెట్టొచ్చు గదా. చేపుడు బందు ఏంది, మంత్రం లెక్కనే లేదు." నాకు ఒళ్లు మండింది. ఆ పేరు మార్చను, ఒక్క అక్షరం మార్చను, ఆ మంత్రం వల్ల మా అవ్వ నోట్లో పళ్లు పోయినంత పనైంది అన్నాను. అందరూ నా మొహం చూశారు. ఆ రోజు ఆట సాగలేదు, ఈ కథే సాగింది.

మాది బచ్చన్నపేట దగ్గర ఒక మెట్ట పల్లె. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు పత్తి, ఎండాకాలం వచ్చిందంటే బోర్ల దగ్గర మోటార్లు కాలిన వాసన, తాటి ముంజల నీళ్లు కారి జిగటైన మోచేతులు, సందు సందులో ఎండబెట్టిన చింతపండు మీద ఈగల రొద. మా ఇంట్లో నాయిన, అమ్మ, నేను, నాయిన తల్లి అయిన అవ్వ, కొట్టంలో ఒక పాడి బర్రె. అవ్వకు డెబ్బై దాటినా నోట్లో ఒక్క పన్ను కదల్లేదు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని వేపపుల్లతో గంటసేపు తోముకునేది, సద్దుల బతుకమ్మకు నువ్వుల ముద్దలూ మలీద ముద్దలూ మేం మెత్తగా తింటుంటే ఆమె మాత్రం మాడిన సర్వపిండి అంచు కోసం కాచుకునేది, తొలి ఏకాదశికి పేలపిండి దంచితే పిండి మాకిచ్చి గట్టి పేలాలు తాను నమిలేది. చింతగింజలు వేయించుకుని తినడం ఆమెకు అన్నిటికంటే ఇష్టం. పొయ్యి బూడిదలో గింజలు చిటపటలాడగానే తీసి, పొట్టు ఊది, పటపట నములుతుంటే పక్కింటికి వినబడేది.

నేను ఏడో తరగతి అయిపోయిన ఎండాకాలం సెలవుల్లో పెద్దవంగర నుంచి మా పెద్దమ్మ కొడుకు కిరణన్న వచ్చాడు. హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదివేవాడు, అక్కడి దోస్తుల దగ్గర ఈ ఆట నేర్చుకుని దాని పుస్తకంలో పాతిక పేజీలు జిరాక్స్ తీయించుకొచ్చాడు. అన్నీ ఇంగ్లీషు, మధ్యలో నల్లగా అలుక్కుపోయిన బొమ్మలు. పాచికలు లేవు. అష్టాచెమ్మా ఆడే మాకు అది ఒక లోటేనా, ఏడు చింతగింజలు తీసుకుని బండ మీద ఒకవైపు తెల్లగా తేలేదాకా అరగదీశాం. ఎన్ని తెల్లగా పడితే అంత బలం. ఏడుకు ఏడూ నల్లగా పడ్డాయా, వేసిన మంత్రం వేసినవాళ్ల మీదికే తిరుగుతుంది.

ఆడేది ముగ్గురం. కథ నడిపేది కిరణన్న, ఆడేది నేనూ ఎదురింటి మమతా. మల్లయ్య బిడ్డ మమత నా ఈడుదే, పలకా బలపం నాటి నుంచి జంట. ఆ పేజీల్లోని మంత్రాలు మాకు రెండు రోజుల్లోనే విసుగు పుట్టించాయి. అన్నీ మంచు తుఫాన్లు, కోట గోడలు, గుర్రాలు. మేం మంచును చూసింది ఐస్ డబ్బా సైకిల్లోనే. అందుకని ఒక నలభై పేజీల నోటుబుక్కు తీసుకుని మా మంత్రాలు మేమే రాసుకోవడం మొదలుపెట్టాం, ఆ పని ఎంత బాగుండేదంటే ఆట కంటే మంత్రాలు కట్టడమే ఆటైపోయింది. కాలిపోయిన ఫ్యూజు తీగ ముక్క చేతిలో పట్టుకుంటే అరవై అంకెలు లెక్కపెట్టేదాకా కరెంటు పోకుండా నిలబెట్టే మంత్రం ఒకటి. గుప్పెడు పల్లేరు కాయలు వెనక్కి చల్లితే తరుముకొచ్చే సైన్యం కాళ్లు పట్టుకుని కూలబడేది ఇంకొకటి. సైన్యానికి బూట్లుంటే ఎట్ల అని కిరణన్న అడిగితే, మా కథలో సైన్యం బూట్లు ఊరి బయటే విప్పి వస్తుందని మమత తేల్చేసింది. గునుగు పూల కట్ట నెత్తిన పెట్టుకుంటే నవ్వనంత సేపూ ఎవరికీ కనబడకుండా ఉండొచ్చు. ఇక ఎంతటి రాకాసినైనా కూర్చోబెట్టి మా మేనత్త బాధలన్నీ వినిపించే మంత్రం ఉండేది, దాని నుంచి తప్పించుకున్న రాకాసి ఒక్కటీ లేదు.

పెట్టుకున్న నియమం ఒక్కటే: మంత్రానికి కావలసిన వస్తువు చేతిలో ఉండాలి, మాట గట్టిగా, తడబడకుండా పలకాలి. తడబడితే పారదు. ఈ నియమం మాకు ఎవరు చెప్పారో గుర్తు లేదు, ఎవరూ చెప్పకుండానే మా వైపు పిల్లలకు తెలుస్తుంది. కిరణన్నకు మా మంత్రాల మాటలు నచ్చేవి కావు. "గిదేం మంత్రమే, జర గంభీరంగ ఉండాలె. సినిమాల జోకరు మాట్లాడినట్టున్నది," అనేవాడు. నిజమే, ఆ రోజుల్లో తెర మీద మా మాట మాట్లాడితే వాడు గూండా అయినా కావాలి, నవ్వులాటకైనా పుట్టి ఉండాలి. నేను మాత్రం పట్టు వదల్లేదు. ఉన్నకాడ్నే ఉండు, కదిల్తె కాలు గుంజుతది అని నేనంటే రాకాసి ఆగాలి. ఆగకపోతే అది రాకాసి తప్పు.

అవ్వకు చదువు రాదు. పత్తి గింజలు ఏరుతూ, చింతపండు కొడుతూ పక్కనే కూర్చుని అన్నీ వినేది, వింటూ వింటూ అరగదీసిన గింజలను వేయించినవనుకుని ఒకటి నోట్లో వేసుకోబోతే మేం కేకలు పెట్టి లాక్కునేవాళ్లం. ఒకరోజు ఆమే అడ్డం తగిలింది. "ఉత్తగనే అయితదా? ఏసినోళ్లకు గూడ ఏదన్న కష్టముండాలె." ఆ మాట మాకు బాగా నచ్చింది. అప్పటి నుంచి ప్రతి మంత్రానికీ వేసినవాళ్లు ఏదో ఒకటి వదులుకోవాలని రాశాం, కరెంటు మంత్రం వేస్తే ఫ్యాను కింద కూర్చోకూడదు, గునుగు మంత్రం వేస్తే ఆ పూట అద్దం చూసుకోకూడదు. మిరపకాయలూ ఉప్పూ మంత్రాలకు వాడుకొమ్మని అవ్వే ఈ డబ్బాలో పోసిచ్చింది.

చేపుడు బందు మమత కోరిక మీద రాసింది. వాళ్ల బర్రెను ఇంకా తెల్లవారకముందే పిండి, ఆ పాలు కేంద్రానికి మోసుకెళ్లే పని మమతది, సెలవుల్లోనూ తప్పేది కాదు. ఒక్క వారం నిద్రపోనియ్యే మంత్రం రాయవే అని బతిమాలింది. బర్రె పాలు వదలడాన్ని మేం చేపడం అంటాం. అది చేపకుండా ఆపే మంత్రం కాబట్టి ఆ పేరు. వస్తువు ఐదు మిరపకాయలూ చిటికెడు ఉప్పూ, వేసినవాళ్లు అది దిగేదాకా చాయ్ తాగకూడదు. ఆటలో శత్రువు రాజు బర్రెల మీద వేద్దామనే రాశాం. కిరణన్న సెలవులు ముగిసి హైదరాబాదు వెళ్లిపోయాక, నోటుబుక్కు ఈ వారం తన వంతని మమత ఇంటికి తీసుకుపోయింది.

ఆ వారమే మల్లయ్య బర్రె దుడ్డె పారుడు రోగం పట్టి చచ్చింది. పిల్ల పోయాక బర్రె చేపడం మానేసింది. ముట్టుకుంటే తన్నింది, దాణా పెట్టినా మూతి తిప్పుకుంది. మమత నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, కొట్టం వెనక నిలబడి తాను మంత్రం వేశానని, గింజలు లేకపోయినా ఉత్తినే వేశానని, ఇప్పుడు చాయ్ కూడా మానేశానని చెప్పింది. దాచడం ఎందుకు, ఆ ఒక్క రోజు నేనూ నమ్మాను. భయంతో పాటు, నేను కట్టిన మాటకు అంత బలముందా అని లోపల ఎంత గర్వపడ్డానో నాకే తెలుసు. ఆ గర్వానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మమత చాయ్ ముట్టకపోవడం వాళ్లమ్మ కనిపెట్టింది. అడిగి, బెదిరించి, నోటుబుక్కు బయటికి తీయించింది. అట్టల మధ్య మిరపగింజలు, లోపల మంత్రాలు, పేజీకో పేరు. ఇవన్నీ ఎవరు చెప్పిండ్రే అంటే ఆ పిచ్చిది ఉన్నదున్నట్టు చెప్పింది: మిరపకాయలు అవ్వ ఇచ్చింది, కష్టముండాలని అవ్వ చెప్పింది. అంతే, ఊరికి ఇంకేం కావాలి. పన్నెండేళ్ల పిల్ల మంత్రం కట్టిందంటే ఎవరు నమ్ముతారు, మొగుడు పోయిన ముసలామె బాణామతి చేసిందంటే ఎవరు నమ్మరు. మా వైపు ఆ మాట ఒకసారి మీద పడితే మనిషి బతికుండగానే పోయినట్టు.

మరునాడు సాయంత్రం పొద్దు ఇంకా బాగా ఉండగానే మా వాకిట్లోకి పదిహేను ఇరవై మంది వచ్చారు. నాయిన మోటారు బాగుచేయించడానికి జనగాం పోయాడు, ఇంట్లో ఆడవాళ్లం ముగ్గురమే. మల్లయ్య చేతిలో నా నోటుబుక్కు, అతని తమ్ముడి చేతిలో మేకులు పీకే ఇనుప పట్టుకారు. ఎక్కడో సైకిలు బాగుచేస్తూ అట్లాగే వచ్చాడేమో అనుకున్నాను. గుంపులోంచి ఒక పెద్దమనిషి, కూరగాయల సంగతి మాట్లాడినంత మెల్లగా అన్నాడు: "పండ్లు రెండు తీస్తే సాలు. మాట సాఫుగ రాకుంటే మంత్రం పారదు."

అప్పుడు అర్థమైంది నాకు. తడబడితే పారదు. మా ఆటలో మేం రాసుకున్న నియమమే అది, అదే నియమం పట్టుకారు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. అమ్మ అడ్డం నిలబడి ఏడుస్తోంది. అవ్వ కొంగు తీసి నోటికి అడ్డం చుట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక మా అవ్వ నోరు మూసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే, అది చూసి నాకు భయం పోయింది, కోపం వచ్చింది, ఆ కోపం ఇప్పటికీ ఉంది.

అరుగు ఎక్కి గట్టిగా అరిచాను. "రాసింది నేను. అవ్వకు సదువే రాదు. గదే మంత్రం మా బర్రె మీద ఏస్త, మీ ముందట్నే ఏస్త. అది చేపకుంటే మీరన్నది నిజం. చేపితే గా పట్టుకారు ఈడ పెట్టి పోవాలె." గుంపు గుసగుసలాడింది. మమత తన తల్లి పట్టు విడిపించుకుని ముందుకొచ్చి, రాయమన్నది నేనే, అవ్వ కాదు అంది. మల్లయ్య దాని చెంప మీద ఒక్కటి వేశాడు, అది కదల్లేదు. పెద్దమనిషి సరేనన్నాడు.

ఐదు మిరపకాయలూ ఉప్పూ పట్టుకున్నాను. మా బర్రె మొహం మీదికి వంగి మంత్రం మొత్తం తడబడకుండా చెప్పాను, దొంగాట అనకుండా ఏడు గింజలూ అందరి ముందూ వేశాను, ఆరు తెల్లగా పడ్డాయి. ఆట లెక్కలో ఇక తిరుగులేదు. అవ్వ పాల సర్వ పట్టుకుని కూర్చుని పొదుగు కడిగి, దుడ్డెను విడిచి, పిండడం మొదలుపెట్టింది. ఒక్క చుక్క రాలేదు.

కొత్త మనుషులు మీద మీదికి వస్తే బర్రె పాలు ఎగబట్టుకుంటుందని పల్లెలో పుట్టిన ఎవరికైనా తెలుసు, నాకూ తెలుసు, ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఆవేశంలో అవ్వ పళ్లను పందెం కాశాను. మల్లయ్య తమ్ముడు ఒక అడుగు ముందుకు వేశాడు. నేను దడిని పట్టుకున్నాను. అవ్వ తలెత్తి నా వైపు చూసింది, తరువాత వాళ్ల వైపు చూసింది. కొంగు నోటి మీద నుంచి తీసి నడుముకు చెక్కుకుంది. "ఇంతమంది మీద వడితె అది ఎట్ల చేపుతది? ఎనుకకు జరుగుండ్రి. నోర్లు మూసుకొని నిలవడుండ్రి." ఎంత మామూలుగా అందంటే, బర్రెలు పెంచిన మనుషులు కాబట్టి వాళ్ల కాళ్లు వాటంతట అవే వెనక్కి జరిగాయి. అవ్వ బర్రె డొక్క నిమిరింది, రోజూ పెట్టే తవుడు పెట్టింది, రోజూ తిట్టే తిట్లే ప్రేమగా తిట్టింది. ఎంతసేపైందో తెలియదు. మొదటి ధార సర్వ అడుగున టంగుమన్న చప్పుడు నేను చచ్చేదాకా మరిచిపోను.

సర్వ నిండాక అవ్వ లేచి మల్లయ్య ముందు నిలబడింది. "దుడ్డె సచ్చి వారం గాలె, అది ఏడుస్తున్నది. దానికి మంత్రమెందుకురా." అని తానే వాళ్ల కొట్టంలోకి నడిచింది. మూడు రోజులు పొద్దునా సాయంత్రం పోయి ఆ బర్రె పక్కన కూర్చుని, నిమిరి, ఉప్పు నాకించి, నాలుగో రోజుకు చేపించింది. కానీ ఆ ఇంట్లో మళ్లీ మంచినీళ్లు ముట్టలేదు. మల్లయ్య తరువాత చాలాసార్లు వచ్చి మంచిగా మాట్లాడాడు, పెద్దయ్యాక నన్ను కూడా బిడ్డా అని పలకరించేవాడు. అందరూ పోనియ్యి అంటారు. నేను పోనియ్యలేదు. పట్టుకారు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది, అమ్మ దానితో అన్నం గిన్నెలు దించేది.

ఆ రాత్రే జనగాం నుంచి వచ్చిన నాయిన సంగతంతా విని మల్లయ్య వదిలిపోయిన నోటుబుక్కును పొయ్యిలో పెట్టాడు. ఆయనదీ భయమే, తిట్టలేను. నేను అన్నం మానేసి పడుకున్నాను. తెల్లారి అవ్వ అరుగు మీద కూర్చుని, ఎప్పటికంటే ఎక్కువసేపు పళ్లు తోముకుని, డబ్బా తెమ్మంది. ఇచ్చాను. అరగదీసిన ఏడు గింజల్లో ఒకటి తీసింది. వేయించనిది, రాయిలాంటిది, దాన్ని కొరకడం పడుచువాళ్ల వల్ల కూడా కాదు. ఎదురింట్లో మల్లయ్య తమ్ముడు వాకిట్లో నిలబడి ఉన్నాడు, బావి దారిన నీళ్లకు పోయేవాళ్లు పోతున్నారు. అవ్వ అందరికీ కనబడేలా గింజను దవడ కింద పెట్టుకుని ఒక్క కొరుకు కొరికింది. ఆ చప్పుడుకు బిందెలు మోసేవాళ్లు ఆగి చూశారు. ఆమె తొందరపడకుండా నమిలి, మింగి, నా వైపు తిరిగి, కొత్త నోటుబుక్కు తెచ్చుకో, నాకు యాదున్నయి అంది. ఆ మధ్యాహ్నం చదువురాని మా అవ్వ ఒక్కో మంత్రం చెబుతుంటే నేను రాసుకున్నాను. నేను మరిచిన రెండు కూడా ఆమె నోట్లో ఉన్నాయి.

ఇప్పుడు ఆ వాకిలి లేదు, కొట్టం పడగొట్టి రెండు గదులు వేశారు, మా సందులో బర్రె ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు, పొద్దున్నే ప్యాకెట్ పాలు వస్తాయి. చింతచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. గునుగు కోయడానికి పోయే మెట్ట చెలకల్లో ప్లాట్ల రాళ్లు పాతారు. మమత మహబూబాబాదులో బట్టలు కుడుతుంది, ఫోనులో చాయ్ తాగినవా అని అడిగితే ఇప్పటికీ నవ్వుతుంది. అవ్వ ఎనభై నాలుగేళ్లకు పోయింది, కట్టెల మీద పెట్టినప్పుడు కూడా ఆమె పళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పోనివి ఆ మంత్రాలే. సాగర్‌కు చెప్పిన తరువాతి ఆదివారం అతనే లేచి నిలబడి చేపుడు బందును గొంతెత్తి చదివాడు, నవ్వలేదు.

మొన్న ఆదివారం అతని మేనకోడలు వచ్చింది, పదేళ్ల పిల్ల. నోటుబుక్కు మొదటి పేజీ వేలు పెట్టి చదువుకుని, డబ్బాలోవి బల్ల మీద పోసి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఏడని రాసున్నది గదా ఆంటీ. ఆరే ఉన్నయి. ఏడోది పోయిందా?"

"పోలే బిడ్డా. మా అవ్వ నమిలింది."